షార్ట్‌వేవ్‌లో దూరపు స్టేషన్లు: కొత్త సెట్టు కొనే ముందు చూసుకోవలసినవి

మలికిపురం దగ్గరి పల్లె నుండి అడిగిన మిత్రులకు నమస్కారం. కొత్తగా కొన్న చిన్న డిజిటల్ సెట్టులో షార్ట్‌వేవ్ పెడితే గరగర శబ్దమూ, అక్కడక్కడ చైనా భాషా తప్ప ఇంకేమీ వినబడడం లేదని రాశారు. ఇది సెట్టు లోపమా, లేక పాతిక వేలు పెట్టి పెద్ద సెట్టు కొంటే దూరపు స్టేషన్లు వస్తాయా అని అడిగారు. రాత్రి తొమ్మిది గంటలకు, టీవీ పక్కన బల్ల మీద పెట్టుకుని, సెట్టుకున్న రాడ్డు ఏరియల్‌తోనే, ఎక్కువగా 17, 21 మెగాహెర్ట్జ్‌ల దగ్గర వెతుకుతున్నట్లు కూడా చెప్పారు. చైనా స్టేషను వినబడిందంటే సెట్టు తన పని తాను చేస్తున్నట్లే. చిక్కంతా దాన్ని పెట్టిన చోటులోనూ, మీరు ఎంచుకున్న వేళలోనూ ఉంది. పెద్ద సెట్టు తెచ్చి అదే బల్ల మీద పెడితే అదే గరగర మరింత స్పష్టంగా వినబడుతుంది. అందుచేత ఈ శీతాకాలం పూర్తయ్యేదాకా డబ్బు ఖర్చు పెట్టవద్దు.

నేను నరసాపురం వైపు వాడిని. ఇంట్లో వాల్వుల సెట్టు ఉండి, దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజుల నుండి షార్ట్‌వేవ్ వింటున్నాను. హైదరాబాద్ కేంద్రాన్ని 60 మీటర్ల బ్యాండులో (తరంగం పొడవును బట్టి బ్యాండులకు పెట్టే పేర్లివి) 4,800 కిలోహెర్ట్జ్ మీదా, సిలోన్‌ను 25, 41 మీటర్లలోనూ విన్న చెవులివి. ఆనాడు మాకు ముల్లు తిప్పడం తెలిస్తే చాలు. ఈనాడు స్టేషన్లు తగ్గి, ఇళ్లలో రొద పెరిగింది కనుక మీరు మొదట రొదను వదిలించుకోవడం నేర్చుకోవాలి.

ముందు ఒక పరీక్ష చేయండి. ఛార్జరు తీసేసి సెట్టును బ్యాటరీ మీద పెట్టండి. ఏ స్టేషనూ లేని ఖాళీ చోట ఆపి, ఆ శబ్దాన్ని రెండు నిమిషాలు శ్రద్ధగా వినండి. తర్వాత ఇంటి మెయిన్ స్విచ్ ఆపించండి. గరగర ఒక్కసారిగా పడిపోతే దొంగ మీ ఇంట్లోనే ఉన్నట్లు. ఇక ఒక్కొక్క స్విచ్చే వేస్తూ, దేనితో శబ్దం తిరిగి వస్తుందో చూసుకోండి. చవక రకం ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టరు, వైఫై డబ్బాకు పెట్టిన అడాప్టరు, ఇంటి కప్పు మీది సోలారు ఇన్వర్టరు, ఇవన్నీ కరెంటును సెకనుకు వేల, లక్షల సార్లు కోసి కోసి వాడుకుంటాయి. ఆ కోత నుండి పుట్టే విద్యుత్ అలజడి షార్ట్‌వేవ్ పౌనఃపున్యాల దాకా పాకుతుంది, ఇంటి వైరింగే దానికి ఏరియల్ అవుతుంది. మా ఇంట్లో మూడు నెలల పాటు 31 మీటర్ల బ్యాండును పాడుచేసింది పూజగదిలో రాత్రింబగళ్లు వెలిగే చిటికెన వేలంత బల్బు. దాన్ని మార్చిన రాత్రి అదే సెట్టులో, అదే కుర్చీలో కూర్చుని ఇరవైకి పైగా స్టేషన్లు లెక్కపెట్టాను.

రొద అంతా మనం తెచ్చిపెట్టుకున్నదేనన్న సంగతి నాకు తెలిసిన సందర్భం బాధాకరమైనది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చివేసిన తరువాత చాలా రోజుల వరకు మా చుట్టుపక్కల కరెంటు లేదు. స్తంభాలు నేలకొరిగాయి, కొబ్బరి తోటలు పడిపోయాయి, వాటితో పాటు నా ఏరియల్ కూడా పోయింది. వార్తల కోసం బ్యాటరీ సెట్టుకు చేతికందిన తీగ ముక్కను కట్టి, కిటికీ ఊచకు వేలాడదీసి పెట్టాను. అంతటి విషాదంలో, అంత చిన్న తీగ మీద, నా జీవితంలో ఎన్నడూ విననంత నిర్మలంగా ప్రపంచమంతా వినబడింది. బ్యాండు ఖాళీగా ఉన్న చోట నిజంగానే నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో తెలిసిన తరువాతే రొదకు మూలం వెతకడం మొదలుపెట్టాను.

మెయిన్ ఆపినా గరగర తగ్గకపోతే అది వీధిలో నుండి వస్తున్నట్లు. మనది సముద్రపు గాలి తగిలే చోటు. ఎండాకాలమంతా స్తంభాల మీది పింగాణీ ఇన్సులేటర్లకు ఉప్పు పొర పడుతుంది. తెల్లవారుజామున మంచు కురిసి ఆ ఉప్పు తడిసినప్పుడు దాని మీదుగా సన్నని నిప్పురవ్వలు పాకుతాయి, అప్పుడు సెట్టులో అన్ని బ్యాండుల మీదా ఒకేలా జుయ్యిమని మోత వస్తుంది. గట్టి వాన ఒకటి పడి ఇన్సులేటర్లు కడుక్కుపోయిన మర్నాడు మోత తగ్గితే కారణం అదేనని నమ్మవచ్చు. సెట్టు చేతిలో పట్టుకుని వీధి వెంట నడిచి, ఏ స్తంభం దగ్గర మోత పెరుగుతుందో గుర్తించి లైన్‌మన్‌కు చెప్పండి. మీరు మాత్రం ఆ స్తంభాన్ని ముట్టుకోవద్దు.

చుట్టూ రొయ్యల చెరువులుంటే చెరువు గట్ల మీది లైట్లూ, ఏరియేటర్ల స్టార్టర్లూ రాత్రంతా నడుస్తూనే ఉంటాయి. వాటిని ఆపమనే హక్కు మనకు లేదు, అది వారి బతుకుతెరువు. అటువంటప్పుడు మనమే కదలాలి. మీకు దిండి దగ్గర వసిష్ఠ గోదావరి గట్టు ఎంతో దూరం లేదు. కరెంటు లైన్లకు రెండు మూడు వందల గజాల దూరంలో ఏటిగట్టు మీద కూర్చుని, పది మీటర్ల తీగను పక్కనున్న చెట్టు కొమ్మ మీదికి వేసి వినండి. ఇంట్లో నెల రోజుల్లో వినలేనిది అక్కడ ఒక్క సాయంత్రంలో వింటారు.

ఇంటి దగ్గర ఏరియల్ వేసుకోదలచుకుంటే పన్నెండు నుండి పదిహేను మీటర్ల పొడవున్న ప్లాస్టిక్ తొడుగు రాగి తీగ చాలు. తీగ లావుతో పనిలేదు, ఎత్తుతోనూ ఇంటి వైరింగుకు ఎంత దూరంగా ఉందన్న దానితోనూ పని. మన వైపు కొబ్బరి చెట్లకు కొదవలేదు గనుక అందరూ రెండు చెట్ల మధ్య బిగించి కడతారు. మొదటి ఈదురుగాలికి చెట్లు చెరొక వైపు ఊగగానే తీగ తెగుతుంది. ఒక కొసను గట్టిగా కట్టి, రెండవ కొసను నైలాన్ తాడుతో కలిపి చిన్న కప్పీ మీదుగా దించి, తాడు చివర ఒక ఇటుకను వేలాడదీయండి. చెట్టు ఊగినప్పుడు ఇటుక లేచి దిగుతుందే తప్ప తీగ తెగదు. కొబ్బరికాయలు దింపు తీసేవారికి అక్కడ తీగ ఉందని ముందే చెప్పి ఉంచండి. కరెంటు లైనుకు పైన గానీ కింద గానీ దాని పక్కన గానీ ఏరియల్‌ను ఎన్నడూ లాగవద్దు. ఈ ఒక్క విషయంలో చిన్న పొరపాటు కూడా ప్రాణం తీస్తుంది.

ఎర్త్ విషయంలో మన డెల్టా వాళ్లం అదృష్టవంతులం. నాలుగైదు అడుగుల లోతునే తడి తగులుతుంది, అందులోనూ ఉప్పు తడి. ఆరు అడుగుల రాగి కడ్డీ గానీ జీఐ పైపు గానీ దిగగొట్టి సెట్టు ఎర్త్‌కు కలిపితే చాలా చోట్ల తేడా వెంటనే తెలుస్తుంది. ఇంటి కరెంటు ఎర్త్‌కు మాత్రం కలపవద్దు, వదిలించుకున్న రొద ఆ దారిన తిరిగి వస్తుంది. చిన్న డిజిటల్ సెట్లకు పొడవాటి ఏరియల్ ఒక్కొక్కప్పుడు ఎక్కువైపోతుంది. ఒకే స్టేషను నాలుగైదు చోట్ల వినబడడం మొదలైతే తీగను సగానికి కుదించండి, లేదా సెట్టులో లోకల్ స్విచ్ (వచ్చే సిగ్నల్ బలాన్ని తగ్గించేది) ఉంటే అది వేయండి.

ఉరుము వినబడితే ఏరియల్ ఊడదీసి కిటికీ బయట పడేయాలి. ఒక మే నెల సాయంత్రం ఉరుములు దూరంగానే ఉన్నాయి కదా అని తీగను సెట్టుకే ఉంచి భోజనానికి లేచాను. పక్క తోటలో చెట్టు మీద పిడుగు పడింది, నా సెట్టు లోపల ఏరియల్ కలిసే భాగమంతా కాలిపోయింది. ఆ రోజు సెట్టు ముందు నేను లేకపోవడం నా అదృష్టం.

ఇక వేళ సంగతి. షార్ట్‌వేవ్ తరంగం దూరం పోవడానికి కారణం భూమికి ఇంచుమించు 200 నుండి 400 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఎఫ్ పొర. సూర్యకిరణాల వల్ల అక్కడి వాయువులు విద్యుదావేశం పొంది తరంగాన్ని కిందికి వంచుతాయి. అలా ఒక్క గెంతుకు గరిష్ఠంగా సుమారు 4,000 కిలోమీటర్లు పోతుంది. అక్కడ నేలనో సముద్రాన్నో తాకి మళ్లీ లేస్తుంది. పగటిపూట ఇంకా కింద, 60 నుండి 90 కిలోమీటర్ల ఎత్తున, డి పొర ఏర్పడుతుంది. అది తక్కువ పౌనఃపున్యాలను మింగేస్తుంది, సూర్యుడు అస్తమించగానే దాదాపు మాయమవుతుంది. చీకటి పడ్డాక ఎఫ్ పొర కూడా పలచబడుతుంది కాబట్టి ఎక్కువ పౌనఃపున్యాల తరంగాలు వంగకుండా అంతరిక్షంలోకి వెళ్లిపోతాయి. అందువల్ల పొద్దున్నంతసేపు 13, 16, 19 మీటర్లలోనూ, సంధ్యవేళల్లో 25, 31 మీటర్లలోనూ, రాత్రి 41, 49 మీటర్లలోనూ వెతకాలి. మీరు రాత్రి తొమ్మిదికి 21 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే 13 మీటర్ల బ్యాండులో, వెతకడమంటే సంత ముగిసి అందరూ వెళ్లిపోయాక సంచి పట్టుకుని వెళ్లడం. మీటర్లకూ కిలోహెర్ట్జ్‌లకూ లెక్క తేలికే. 3,00,000ను కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 9,600 కిలోహెర్ట్జ్ అంటే 31 మీటర్ల పైచిలుకు.

చీకటి తూర్పు నుండి పడమటికి నడుస్తుందన్న మాటను ఈ హాబీలో ప్రతి రోజూ చెవులతో చూడవచ్చు. మన దగ్గర పొద్దు గుంకే వేళకు తూర్పు దేశాలలో అప్పటికే చీకటి పడి ఉంటుంది కనుక జపాన్, కొరియా, చైనా, వియత్నాం స్టేషన్లు ముందుగా గట్టిపడతాయి. రాత్రి ముదిరేకొద్దీ కువైట్, టర్కీ, రుమేనియా వైపు నుండి వచ్చేవి పైకి తేలుతాయి. తెల్లవారుజామున తూర్పున వెలుగు వచ్చి మన పడమట ఇంకా చీకటిగా ఉన్న ఆ గంటలో ఆఫ్రికా, యూరప్‌ల వంతు. సూర్యోదయానికి అరగంట ముందూ, సూర్యాస్తమయానికి అరగంట తరువాతా ఉండే సమయం అన్నిటికంటే విలువైనది. నేను రోజుకు గంట మాత్రమే వినగలిగితే ఆ గంటనే ఎంచుకుంటాను. రుతువు కూడా చూసుకోవాలి. వేసవిలోనూ వర్షాకాలంలోనూ వందల మైళ్ల అవతల మెరిసిన మెరుపులు కూడా 60, 90 మీటర్లలో పటపటమని పగిలినట్లు వినబడతాయి. కార్తీకం వెళ్లిన తరువాత ఆకాశం తేలికపడుతుంది. అప్పటి నుండి మాఘం దాకా మనకు పంటకాలం. కొన్ని సాయంత్రాలు స్టేషన్ల గొంతులు నీళ్లలో నుండి వస్తున్నట్లు వణుకుతాయి. మనం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల పొద్దుగుంకాక పై పొరలో కలిగే అలజడి అది. సెట్టును అనుమానించకండి.

సూర్యుడి మీద మచ్చలు సుమారు 11 ఏళ్లకొకసారి పెరిగి తగ్గుతుంటాయి. 2019 డిసెంబరులో మొదలైన 25వ సౌరచక్రం 2024లో శిఖర దశకు చేరింది. మచ్చలు ఎక్కువగా ఉన్న ఏళ్లలో 13, 16 మీటర్లు పగలంతా బాగా పలుకుతాయి, తగ్గేకొద్దీ ఆ బ్యాండులు చప్పబడతాయి. పగటిపూట సూర్యుడి మీద పెద్ద జ్వాల లేస్తే మొత్తం షార్ట్‌వేవ్ కొన్ని నిమిషాల పాటు, ఒక్కొక్కప్పుడు గంట సేపు, మూగబోతుంది. అప్పుడు చేయవలసింది వేచి ఉండడమే.

మీకు చైనా భాషే ఎక్కువగా వినబడడానికి కారణం ఆ దేశం ఇంటి ప్రసారాలకూ, విదేశీ ప్రసారాలకూ నేటికీ షార్ట్‌వేవ్‌ను విస్తారంగా వాడడం. చాలా దేశాలు మానేశాయి. రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి 31న షార్ట్‌వేవ్ ఆపేసింది. ఫిలిప్పీన్స్ నుండి తెలుగులో కూడా మాట్లాడిన రేడియో వెరితాస్ ఆసియా 2018లో ఆపింది, బీబీసీ హిందీ 2020 జనవరి 31న ఆపింది. అలవాటైన గొంతు ఒకటి ఆగిపోయినప్పుడల్లా ఇంట్లో మనిషి వెళ్లిపోయినట్లే అనిపించింది. అయినా ఉన్నవి తక్కువేమీ కావు. ఏది ఎప్పుడు ఎక్కడ వస్తుందో తెలుసుకోవడానికి ఇంటర్నెట్‌లో ఈఐబీఐ పేరుతో ఉచితంగా దొరికే పట్టికను దింపుకోండి. మార్చి చివరి ఆదివారమూ, అక్టోబరు చివరి ఆదివారమూ పౌనఃపున్యాలు మారతాయి కాబట్టి పాత పట్టిక పనికిరాదు. అందులో సమయాలన్నీ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, ఉంటాయి. మన గడియారం నుండి అయిదున్నర గంటలు తీసేయాలి. నేను బల్ల మీద ఒక గడియారాన్ని యూటీసీకే పెట్టి ఉంచాను. అంతకు ముందు నా నోటు పుస్తకంలో సగం తేదీలు తప్పులే.

పట్టిక చేతిలో ఉన్నప్పుడే అసలు జాగ్రత్త అవసరం. 12,000 దగ్గర ఏదో గొణుగుడు వినబడుతుంది, పట్టికలో ఆ చోట ఒక దూరదేశం పేరు ఉంటుంది, వెంటనే అదే విన్నామని రాసేస్తాం. ఇక్కడ రెండు రకాలుగా మోసపోతాం. మొదటిది, పేరు ఒక దేశానిది, ప్రసార స్తంభం ఇంకొక దేశంలో. బీబీసీ ఇంగ్లీషు వినగానే లండన్ పట్టానని సంతోషిస్తాం గాని, అది చాలాసార్లు ఒమన్ నుండి వస్తుంది. లండన్ మనకు 8,000 కిలోమీటర్లు, ఒమన్ సుమారు రెండున్నర వేలు. దూరం లెక్క స్టూడియో నుండి కట్టకూడదు, స్తంభం నుండే కట్టాలి. రెండవది, పాత తరహా చవక సెట్లలో లోపలి మధ్య పౌనఃపున్యం (ఏ స్టేషనునైనా సెట్టు లోపల మార్చుకునే పౌనఃపున్యం) 455 కిలోహెర్ట్జ్ అవడం వల్ల బలమైన స్టేషను అసలు చోటుకు దానికి రెట్టింపు, అంటే 910 కిలోహెర్ట్జ్ కింద ఇంకొకసారి కనబడుతుంది. 11,900లో ఉన్నది 10,990లో కూడా పలికితే అది నీడ. కొత్త స్టేషను దొరికిందనుకునే ముందు 910 కలిపి అక్కడ కూడా విని చూడండి.

స్టేషను తన పేరు తాను చెప్పేదాకా పేరు రాయకూడదు. సాధారణంగా గంట కొట్టే వేళకు అటూ ఇటూ చెబుతారు. కనుక ఆ మూడు నాలుగు నిమిషాలు ముల్లు కదపకండి. భాష రాకపోయినా పర్వాలేదు, సంగీతపు గుర్తునూ, దేశం పేరునూ చెవి పట్టుకుంటుంది. పక్క స్టేషను తినేస్తుంటే మీ సెట్టులో ఎస్ఎస్‌బీ (తరంగానికి ఉండే రెండు పక్కల్లో ఒక్కదాన్నే వినే పద్ధతి) ఉందన్నారు గనుక దాన్ని వేసి, ఈల శబ్దం సన్నబడి మాయమయ్యేదాకా నెమ్మదిగా తిప్పి, ఎగువ పక్కా దిగువ పక్కా మార్చి చూడండి. ఏదో ఒక పక్క శుభ్రంగా ఉంటుంది. అదే ఎస్ఎస్‌బీతో 7,000 నుండి 7,200 వరకు ఉదయం పూట మన దేశపు హ్యాములు (లైసెన్సు తీసుకుని సరదాకు ప్రసారం చేసేవారు) మాట్లాడుకోవడం కూడా వినవచ్చు. అక్కడ దిగువ పక్క పెట్టాలి.

విన్నదాన్ని ఒక పుస్తకంలో రాయండి: తేదీ, యూటీసీ సమయం, పౌనఃపున్యం, భాష, కార్యక్రమంలో ఏమి విన్నారో, చివర సిన్పో అంకెలు. ఈ సిన్పోలో మొదటిది స్టేషను బలం, తరువాత ఇతర స్టేషన్ల అడ్డు, రొద, సిగ్నల్ హెచ్చుతగ్గులు, చివరిది మొత్తం మీద వినదగినతనం. ఒక్కొక్కదానికి 1 నుండి 5 దాకా వేస్తారు, 5 ఉత్తమం. ఇరవై ముప్పై నిమిషాలు విని, కార్యక్రమం వివరాలతో స్టేషనుకు రాస్తే ధ్రువీకరణగా క్యూఎస్ఎల్ కార్డు పంపుతారు. ఇప్పుడు ఈమెయిల్‌తోనే పని జరిగిపోతుంది. కార్డు వస్తుందని 55555 వేసి పంపవద్దు. 24232 అని నిజం రాసిన ఉత్తరమే అక్కడి ఇంజనీరుకు ఉపయోగపడుతుంది.

మీరు ప్రారంభానికి ఏ స్టేషను వెతకాలని అడిగితే నేను సరిగ్గా 10,000 కిలోహెర్ట్జ్ చెబుతాను. అక్కడ చైనా వారి సమయ సంకేతం బీపీఎం సెకనుకొక టిక్కుతో రాత్రింబగళ్లు వస్తుంది. దాని బలాన్ని బట్టి ఆ రోజు బ్యాండు ఎలా ఉందో చెప్పవచ్చు. అదే పౌనఃపున్యం మీద అమెరికా కొలరాడోలోని డబ్ల్యూడబ్ల్యూవీ, హవాయిలోని డబ్ల్యూడబ్ల్యూవీహెచ్ కూడా ఉన్నాయి. కొలరాడోది మగ గొంతు, నిమిషానికి ఏడున్నర సెకన్ల ముందు సమయం చెబుతుంది. హవాయిది ఆడ గొంతు, పదిహేను సెకన్ల ముందు చెబుతుంది. హవాయి మనకు సుమారు 12,000 కిలోమీటర్లు, అక్కడి ప్రసార బలం 10 కిలోవాట్లు మాత్రమే. రెండు శీతాకాలాలు ప్రతి సాయంత్రం చైనా టిక్కుల కింద ఏదో గొంతు ఉన్నట్లు అనిపించేది గాని, ఎవరిదో తేలక నేను పుస్తకంలో రాయలేదు. తరువాత తెలిసింది, బీపీఎం ప్రతి గంటలో 10 నుండి 15 నిమిషాల వరకూ, 40 నుండి 45 వరకూ టిక్కులు ఆపి ఉత్త క్యారియర్ (శబ్దమేదీ లేని తరంగం) మాత్రమే పంపుతుందని. మూడవ ఏడాది డిసెంబరులో ఏటిగట్టు మీద, పొద్దు గుంకి పది నిమిషాలైన తరువాత, 5 గంటల 40 నిమిషాలకు టిక్కులు ఆగాయి. నిశ్శబ్దంలో మొదటి నిమిషం ఏమీ లేదు. రెండవ నిమిషం ముగియడానికి పదిహేను సెకన్లుందనగా ఒక స్త్రీ గొంతు, కెరటం మీద లేచినట్లు పైకి వచ్చి, పన్నెండు గంటల పన్నెండు నిమిషాలు అని ఇంగ్లీషులో చెప్పి మళ్లీ మునిగిపోయింది. చేతి గడియారం 5:42 చూపిస్తోంది. ఆ రాత్రి ఇంటికి వచ్చి 12:12 యూటీసీ, 10,000, హవాయి అని రాశాను.

డిసెంబరులో మీరు కూడా దిండి గట్టు మీద అయిదున్నరకల్లా తీగ వేసుకుని కూర్చోండి. 5:40 నుండి 5:45 వరకు సెట్టు ముట్టుకోకుండా, ప్రతి నిమిషం చివరి పదిహేను సెకన్లు వినండి. ఒక్క సాయంత్రంలో రాకపోతే మర్నాడు వెళ్లండి. వినబడినప్పుడు అంకెలతో సహా ఇక్కడ రాయండి, నా పుస్తకంతో సరిపోల్చి చూస్తాను.